ఇన్ఫర్మేటికాలో రెండు బాక్సుల నుంచి ఒకే ఎక్స్‌ప్రెషన్‌కి లింక్ ఎందుకు పడదు?

ముందు ప్రశ్న ఏమిటో చెప్పుకుందాం. డేటాని ఒక చోటి నుంచి తీసి, మార్చి, ఇంకో చోట రాసే ఇన్ఫర్మేటికా సాఫ్ట్‌వేర్ పవర్‌సెంటర్. దాని డిజైనర్‌లో ఈఎంపీ (ఒరాకిల్ నమూనా ఉద్యోగుల టేబుల్) తో మ్యాపింగ్, అంటే సోర్స్ నుంచి టార్గెట్ దాకా డేటా దారిని బాక్సులు, గీతలతో గీసిన పటం. ప్రతి ఉద్యోగి జీతం తన డిపార్ట్‌మెంట్ మొత్తం జీతంలో ఎంత శాతమో టార్గెట్‌లో రాయాలి. డిపార్ట్‌మెంట్ మొత్తం అగ్రిగేటర్ (గ్రూపుల వారీగా మొత్తాలు కట్టే బాక్సు) లో వచ్చింది. దాన్ని ఎక్స్‌ప్రెషన్ (ఒక్కో రికార్డు మీద లెక్క చేసే బాక్సు) లోకి లాగారు, లింక్ పడింది. తర్వాత సోర్స్ క్వాలిఫైయర్ (సోర్స్ టేబుల్‌ని చదివే బాక్సు) నుంచి ఉద్యోగి పేరు, జీతం అదే ఎక్స్‌ప్రెషన్‌లోకి లాగితే లింక్ పడట్లేదు, కాంకాటినేషన్ కుదరదని కింద మెసేజ్ వస్తోంది. డేటా టైపులు సరిపోయాయి, పోర్టులూ (బాక్సులోని కాలమ్‌లు) ఇన్‌పుట్ పోర్టులే. తప్పు ఎక్కడుంది?

పోర్టుల్లో తప్పేమీ లేదు. తప్పు రికార్డుల లెక్కలో ఉంది. ఈఎంపీ టేబుల్‌లో 14 మంది ఉన్నారు. సోర్స్ క్వాలిఫైయర్ నుంచి 14 రికార్డులు బయటికొస్తాయి. అగ్రిగేటర్‌లో డెప్ట్‌నో (డిపార్ట్‌మెంట్ నంబర్) తో గ్రూప్ చేశాక మిగిలేవి 3 రికార్డులు: 10, 20, 30. ఎక్స్‌ప్రెషన్‌కి ఒకసారికి ఒక రికార్డే అందుతుంది, అందులో అన్ని పోర్టులూ నిండి ఉండాలి. 14 ఒక పక్క నుంచి, 3 ఇంకో పక్క నుంచి వస్తుంటే, కింగ్ అనే ఉద్యోగి పక్కన ఏ మొత్తాన్ని నిలబెట్టాలి? మొదటి మొత్తాన్నా, రెండోదాన్నా? ఏది దేనికి జత అని చెప్పే కండిషన్ ఎక్స్‌ప్రెషన్‌లో రాసే చోటే లేదు. అందుకే డిజైనర్ ఆ లింక్‌ని గీయనివ్వదు.

స్క్రీన్ మీద గీత ఒక కాలమ్ నుంచి ఇంకో కాలమ్‌కి వెళ్తున్నట్టు కనిపిస్తుంది కాబట్టి కాలమ్‌ల లెక్కలోనే ఆలోచిస్తాం. కానీ ఆ గీత వెంట పారేవి రికార్డులు. ఒక బాక్సులోకి రెండు చోట్ల నుంచి గీతలు తెస్తున్నామంటే, ఆ రెండు చోట్లా రికార్డులు ఒకదానికొకటి వరస తప్పకుండా వస్తాయని మనం హామీ ఇస్తున్నట్టే. ఆ హామీ నిలబడుతుందా లేదా అన్నది డిజైనర్ యాక్టివ్, పాసివ్ అనే రెండు మాటలతో తేల్చుకుంటుంది.

పాసివ్ అంటే ఎన్ని రికార్డులు లోపలికి వెళ్తే అన్నే, అదే వరసలో బయటికొచ్చేవి. ఎక్స్‌ప్రెషన్, మామూలు లుకప్ (ఇంకో టేబుల్‌లో విలువ వెతికేది), సీక్వెన్స్ జనరేటర్ (వరస నంబర్లు ఇచ్చేది) ఇలాంటివి. యాక్టివ్ అంటే రికార్డుల సంఖ్యనో, వరసనో, రికార్డు రకాన్నో మార్చగలిగేవి. ఫిల్టర్, రౌటర్ (కండిషన్ల ప్రకారం రికార్డులని గ్రూపులుగా పంచేది), అగ్రిగేటర్, జాయినర్, ర్యాంక్, సార్టర్, యూనియన్, నార్మలైజర్, అప్‌డేట్ స్ట్రాటజీ (రికార్డుని ఇన్సర్ట్ చేయాలో అప్‌డేట్ చేయాలో చెప్పేది), సోర్స్ క్వాలిఫైయర్ అన్నీ యాక్టివే. లుకప్‌లో ఎక్కువ మ్యాచ్‌లు దొరికినప్పుడు అన్నీ తిరిగివ్వమని పెట్టుకుంటే అది కూడా యాక్టివ్ అయిపోతుంది. ఈ చివరిది చాలామంది మర్చిపోతారు, తర్వాత "లుకప్ పాసివే కదా, లింక్ పడట్లేదేంటి" అని అడుగుతారు.

నియమం ఇది: రెండు వేర్వేరు యాక్టివ్ బాక్సుల నుంచి గానీ, ఒక యాక్టివ్ బాక్సు నుంచీ దాన్ని దాటకుండా పక్కదారిలో వచ్చిన పాసివ్ బాక్సు నుంచీ గానీ, ఒకే కింది బాక్సుకి లేదా ఒకే ఇన్‌పుట్ గ్రూపుకి లింక్‌లు ఇవ్వలేం. సోర్స్ క్వాలిఫైయర్ నుంచి ఒక దారి లుకప్‌లోకి, ఇంకో దారి ఎక్స్‌ప్రెషన్‌లోకి పంపి, మళ్లీ రెండూ ఒకే టార్గెట్‌లో కలిపితే ఇబ్బంది లేదు. రెండు దారుల్లోనూ పాసివ్ బాక్సులే ఉన్నాయి, రెండూ ఒకే యాక్టివ్ బాక్సు నుంచి మొదలయ్యాయి, కాబట్టి వరస చెదరదు. అదే ఒక దారిలో ఫిల్టర్ పెట్టి చూడండి, వెంటనే కుదరదంటుంది. ఫిల్టర్ కండిషన్ ట్రూ అని పెట్టి, ఒక్క రికార్డునూ ఆపకపోయినా అంతే. డిజైనర్ మీ డేటాని చూడదు, బాక్సు రకాన్నే చూస్తుంది. దీనికి మినహాయింపు సీక్వెన్స్ జనరేటర్ ఒక్కటే. దాన్ని ఏ యాక్టివ్ బాక్సుతో పాటైనా ఒకే చోటికి కలపొచ్చు, ఎందుకంటే అది అడిగినప్పుడల్లా ఒక నంబర్ ఇస్తుంది తప్ప దానికంటూ సొంత రికార్డులు లేవు.

ఇక పరిష్కారం. రెండు రికార్డుల ప్రవాహాలని కండిషన్ పెట్టి జత చేయగలిగే బాక్సు జాయినర్. కానీ ఇక్కడ రెండు పాయలూ ఒకే సోర్స్ నుంచి చీలినవి కాబట్టి జాయినర్ కూడా ఊరికే ఒప్పుకోదు. డేటా ముందే సార్ట్ అయి ఉండాలి, జాయినర్‌లో సార్టెడ్ ఇన్‌పుట్ టిక్ చేసి ఉండాలి. వరసగా చేద్దాం.

సోర్స్ క్వాలిఫైయర్ తర్వాత సార్టర్ పెట్టండి. ఈఎంపీనో (ఉద్యోగి నంబర్), ఈనేమ్ (పేరు), శాల్ (జీతం), డెప్ట్‌నో, ఈ నాలుగే అందులోకి లాగండి. పోర్ట్స్ ట్యాబ్‌లో డెప్ట్‌నో ఎదురుగా కీ టిక్ చేసి అసెండింగ్ ఉంచండి. ప్రాపర్టీస్‌లో డిస్టింక్ట్ మాత్రం ముట్టుకోవద్దు. దాన్ని టిక్ చేస్తే అన్ని పోర్టులూ కీలైపోయి, అచ్చంగా ఒకేలా ఉన్న రికార్డులు పోతాయి. ఇక్కడ ఈఎంపీనో ఉంది కాబట్టి నష్టం కనపడదు గానీ, ఆ పోర్టు లేని మ్యాపింగ్‌లో ఒకే జీతం ఉన్న ఇద్దరు ఒకరైపోతారు. 20వ డిపార్ట్‌మెంట్‌లో స్కాట్‌కీ ఫోర్డ్‌కీ ఇద్దరికీ 3000 జీతమే. డెప్ట్‌నో, శాల్ మాత్రమే లాగి డిస్టింక్ట్ పెడితే ఆ డిపార్ట్‌మెంట్ మొత్తం 10875 రావాల్సింది 7875 వస్తుంది.

పాయలు చీల్చాల్సింది సార్టర్ తర్వాతే, ముందు కాదు. సార్టర్ నుంచి డెప్ట్‌నో, శాల్ రెండే అగ్రిగేటర్‌లోకి లాగండి. డెప్ట్‌నోకి గ్రూప్ బై టిక్. శాల్‌కి ఔట్‌పుట్ టిక్ తీసేసి ఇన్‌పుట్‌గానే ఉంచండి. డెప్ట్ టోటల్ అని కొత్త ఔట్‌పుట్ పోర్టు చేర్చి, ఎక్స్‌ప్రెషన్‌లో శాల్‌కి సమ్ రాయండి. శాల్ ఒరాకిల్‌లో 7 అంకెల, 2 దశాంశాల నంబర్. మొత్తానికి అంతకంటే పెద్ద ప్రెసిషన్ ఇవ్వండి, 12 చాలు. ప్రాపర్టీస్‌లో సార్టెడ్ ఇన్‌పుట్ టిక్ చేయండి. ఇది వేగం కోసం మాత్రమే అనుకోకండి. ఆ టిక్ లేని అగ్రిగేటర్ చివరి రికార్డు వచ్చేదాకా ఒక్క మొత్తాన్నీ బయటికి వదలదు, అంతసేపూ రెండో పాయ జాయినర్ దగ్గర ఎదురుచూస్తూ నిలబడాలి. ఒకే సోర్స్ నుంచి చీలిన పాయలు ఇలా ఒకటి ఆగి ఒకటి పారడం కుదరదు. టిక్ ఉంటే డిపార్ట్‌మెంట్ నంబర్ మారిన వెంటనే పాత గ్రూప్ మొత్తం బయటికొస్తుంది, రెండు పాయలూ కలిసి నడుస్తాయి.

జాయినర్ పెట్టండి. ముందు సార్టర్ నుంచి ఈఎంపీనో, ఈనేమ్, శాల్, డెప్ట్‌నో లాగండి. జాయినర్ తన రెండు పక్కలని డీటెయిల్, మాస్టర్ అంటుంది, మొదట లాగినవి డీటెయిల్ అవుతాయి. ఇప్పుడు రెండో పాయ లాగే ముందే జాయినర్ తెరిచి ప్రాపర్టీస్‌లో సార్టెడ్ ఇన్‌పుట్ టిక్ చేసి ఓకే నొక్కండి. ఈ వరస తప్పితే రెండో పాయ లింక్ పడదు, మళ్లీ మొదటి మెసేజ్ లాంటిదే వస్తుంది, జాయినర్‌తో కూడా పని జరగదేమో అనుకుని వదిలేస్తారు. టిక్ చేశాక అగ్రిగేటర్ నుంచి డెప్ట్‌నో, డెప్ట్ టోటల్ లాగండి. ఒకే పేరు రెండుసార్లు ఉండకూడదు కాబట్టి రెండో డెప్ట్‌నో వెనక 1 చేరుతుంది. పోర్ట్స్ ట్యాబ్‌లో ఎం కాలమ్ చూడండి, అగ్రిగేటర్ నుంచి వచ్చిన రెండు పోర్టులకీ టిక్ ఉండాలి, అంటే అవి మాస్టర్. మాస్టర్‌గా దేన్ని పెట్టాలంటే, సార్టెడ్ జాయినర్‌లో కీ విలువలు తక్కువసార్లు రిపీట్ అయ్యే పక్కని. అగ్రిగేటర్ పక్క ఒక్కో డిపార్ట్‌మెంట్ ఒక్కసారే వస్తుంది కాబట్టి అదే మాస్టర్. కండిషన్‌లో డెప్ట్‌నో1 ఈక్వల్ డెప్ట్‌నో. జాయిన్ టైప్ నార్మల్.

జాయినర్ తర్వాత మీ ఎక్స్‌ప్రెషన్. ఇప్పుడు అన్ని పోర్టులూ ఒకే బాక్సు నుంచి వస్తున్నాయి కాబట్టి ఏ అడ్డూ ఉండదు. శాతం కోసం శాల్‌ని డెప్ట్ టోటల్‌తో భాగించి 100తో గుణించి, రౌండ్‌తో 2 దశాంశాలకి కుదించండి. మొత్తం సున్నా అయ్యే డిపార్ట్‌మెంట్ వస్తే భాగాహారం దగ్గర ఆ రికార్డు ట్రాన్స్‌ఫర్మేషన్ ఎర్రర్ అయి టార్గెట్‌కి చేరదు. సెషన్ (మ్యాపింగ్‌ని నడిపే పని) మాత్రం మామూలుగా ముగుస్తుంది, ఎర్రర్లకి హద్దు పెట్టకపోతే. అందుకే ముందు ఐఐఎఫ్ (ఇలా అయితే ఇది, లేకపోతే అది అని చెప్పే ఫంక్షన్) తో మొత్తం సున్నా అయితే సున్నా ఇవ్వమని రాయడం మంచిది.

ఫలితం సరిగ్గా ఉందో లేదో చూడటానికి 10వ డిపార్ట్‌మెంట్ చాలు. కింగ్ 5000, క్లార్క్ 2450, మిల్లర్ 1300, మొత్తం 8750. శాతాలు 57.14, 28.00, 14.86 రావాలి. 30వ డిపార్ట్‌మెంట్ మొత్తం 9400. మూడు మొత్తాలూ కలిపితే 29025. టార్గెట్‌లో 14 రికార్డులు ఉండాలి. ఒక్కటి తగ్గినా, ఒక్కటి పెరిగినా శాతాలు చూడకండి, ముందు జాయినర్ దగ్గరికి వెళ్లండి.

అందరికీ 100 శాతం వచ్చిందంటే ఏం జరిగిందో ఇట్టే చెప్పొచ్చు. జాయినర్ ఎందుకులే అని అన్ని కాలమ్‌లూ అగ్రిగేటర్‌లోకే లాగి, ఈఎంపీనోకి కూడా గ్రూప్ బై టిక్ పెట్టి ఉంటారు. అప్పుడు 14 మందికి 14 గ్రూపులు, ఎవరి మొత్తం వాళ్ల జీతమే. ఆ టిక్ తీసేస్తే ఇంకో రకం తప్పు: 3 రికార్డులే వస్తాయి, ఒక్కో డిపార్ట్‌మెంట్‌లో చివరికి ఎవరి రికార్డు వచ్చిందో వాళ్ల పేరు పక్కన మొత్తం కూర్చుంటుంది. గ్రూప్ బై లేని, అగ్రిగేట్ ఫంక్షన్ లేని పోర్టులో అగ్రిగేటర్ చివరి రికార్డు విలువే ఇస్తుంది. ఎర్రర్ రాదు, డేటాబేస్ అయితే ఇలాంటి క్వెరీకి గ్రూప్ బైలో లేదని మొట్టికాయ వేస్తుంది, ఇక్కడ ఆ రక్షణ లేదు.

డెప్ట్‌నో ఖాళీగా ఉన్న ఉద్యోగి వస్తే ఏమవుతుంది? జాయినర్‌లో నల్ (విలువ లేకపోవడం) ఇంకో నల్‌తో కలవదు. నార్మల్ జాయిన్‌లో ఆ ఉద్యోగి చడీచప్పుడు లేకుండా పోతాడు. మాస్టర్ ఔటర్ పెడితే డీటెయిల్ పక్క రికార్డులన్నీ ఉంటాయి కాబట్టి మనిషి మిగులుతాడు, మొత్తం మాత్రం నల్‌గా వస్తుంది. డిపార్ట్‌మెంట్ లేనివాళ్లందరినీ ఒక గుంపుగా లెక్కించాలంటే సార్టర్ కంటే ముందు ఒక ఎక్స్‌ప్రెషన్ పెట్టి నల్‌ని మైనస్ 1 చేయండి. ఔటర్ పేర్లు చాలామందిని తికమక పెడతాయి కాబట్టి డెప్ట్ టేబుల్‌తో ఒకసారి చూపిస్తాను. డెప్ట్ మాస్టర్, ఈఎంపీ డీటెయిల్ అనుకోండి. డెప్ట్‌లో 4 రికార్డులు, 40వది బోస్టన్‌లోని ఆపరేషన్స్, అందులో ఉద్యోగులు ఎవరూ లేరు. నార్మల్‌లో 14 వస్తాయి, ఆపరేషన్స్ కనపడదు. అది కావాలంటే పెట్టాల్సింది డీటెయిల్ ఔటర్, మాస్టర్ ఔటర్ కాదు. డీటెయిల్ ఔటర్ మాస్టర్ పక్క రికార్డులన్నిటినీ ఉంచుతుంది, 15 వస్తాయి. పేరు చూసి కాకుండా ఎవరు మిగలాలో చూసి ఎంచుకోండి.

కీ టెక్స్ట్ అయితే ఇంకో ముల్లు ఉంది. ఒక పక్క చార్ (పొడవు మారని టెక్స్ట్), ఇంకో పక్క వార్‌చార్ (పొడవు మారే టెక్స్ట్) అయితే చార్ వెనక నింపిన ఖాళీలని కూడా జాయినర్ విలువలో భాగంగానే లెక్కిస్తుంది. స్క్రీన్ మీద రెండూ ఒకేలా ఉంటాయి, ఒక్కటీ కలవదు. ముందు ఆర్‌ట్రిమ్ (వెనక ఖాళీలు తీసే ఫంక్షన్) చేసి పంపండి. అలాగే సార్టర్ బదులు సోర్స్ క్వాలిఫైయర్‌లో ఆర్డర్ బై పెట్టుకుంటే, డేటాబేస్ సార్ట్ చేసే పద్ధతీ సెషన్‌లో సార్ట్ ఆర్డరూ ఒకటే కావాలి. పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు కలిసిన కీల దగ్గర ఇవి విడిపోతాయి. సార్టెడ్ ఇన్‌పుట్ అని చెప్పి సార్ట్ కాని డేటా పంపితే సెషన్ ఫెయిల్ అవుతుంది. ఇది మంచిదే, తప్పుడు మొత్తాలు లోడ్ అవడం కంటే. డెప్ట్‌నో లాంటి నంబర్ కీతో ఈ గొడవ లేదు.

ఇదంతా ఒకే సోర్స్‌ని ఒకేసారి చదవాలన్నప్పుడు. సోర్స్ చిన్నదైతే, లేదా మధ్యలో అన్ని రికార్డులూ చేరేదాకా ఆగే బాక్సు ఏదైనా తప్పనిసరైతే, అదే ఈఎంపీని మ్యాపింగ్‌లోకి రెండోసారి లాగి రెండు సోర్స్ క్వాలిఫైయర్లతో నడపండి. ఒక దారిలో అగ్రిగేటర్, ఇంకో దారి నేరుగా జాయినర్‌కి. సార్ట్ అక్కర్లేదు, టేబుల్‌ని రెండుసార్లు చదువుతుంది, అంతే. సోర్స్ పెద్దదైనా, మెసేజ్ క్యూలా ఒక్కసారే చదవగలిగేదైనా పాయలు చీల్చే పద్ధతే వాడాలి.

ఒరాకిల్ సోర్స్ అయితే నేను మొదట సూచించేది మాత్రం వేరు. సోర్స్ క్వాలిఫైయర్ ఎస్‌క్యూఎల్ ఓవర్‌రైడ్ (పవర్‌సెంటర్ క్వెరీ బదులు మనం రాసే క్వెరీ) లో శాల్ సమ్‌ని ఓవర్, పార్టిషన్ బై డెప్ట్‌నోతో రాసేయండి. సార్టర్, అగ్రిగేటర్, జాయినర్ మూడూ పోతాయి. సోర్స్ క్వాలిఫైయర్‌లో డెప్ట్ టోటల్ పోర్టు ఒకటి చేర్చి ఎక్స్‌ప్రెషన్‌కి లింక్ ఇవ్వడమే. ఫ్లాట్ ఫైల్ (టెక్స్ట్ ఫైల్) కి ఈ దారి లేదు, ఓవర్‌రైడ్ పని చేయదు. రేపు సోర్స్ మారే అవకాశం ఉంటే, ఓవర్‌రైడ్‌లో దాగిన లెక్కని తర్వాత వచ్చేవాళ్లు మ్యాపింగ్ చూసి పట్టుకోలేరన్నదీ ఆలోచించుకోవాలి.

ఓవర్‌రైడ్ మాట వచ్చింది కాబట్టి లింక్‌లకి సంబంధించి అన్నిటికంటే ప్రమాదకరమైన తప్పు ఇక్కడే చెప్పాలి. ఓవర్‌రైడ్ లేనప్పుడు, కిందికి లింక్ ఉన్న పోర్టులనే పవర్‌సెంటర్ సెలెక్ట్‌లో పెడుతుంది. 8 కాలమ్‌ల టేబుల్‌లో 4 పోర్టులకే లింక్ ఉంటే 4 కాలమ్‌లే చదువుతుంది. ఓవర్‌రైడ్ రాశాక ఆ సెలెక్ట్ మీ బాధ్యత: లింక్ ఉన్న పోర్టులు ఎన్నో కాలమ్‌లు అన్నే, పోర్టుల వరస ఏదో కాలమ్‌ల వరస అదే ఉండాలి. జత కుదిరేది పేరుతో కాదు, స్థానంతో. సంఖ్య తప్పితే సెషన్ ఫెయిలవుతుంది, తెలిసిపోతుంది. వరస తప్పితేనే కష్టం. పోర్టుల్లో ఈఎంపీనో, ఈనేమ్, జాబ్, శాల్ అని ఉంది, క్వెరీలో ఈఎంపీనో, జాబ్, ఈనేమ్, శాల్ అని రాశారు. ఈనేమ్, జాబ్ రెండూ టెక్స్టే, ఒకటి 10 అక్షరాలు, ఇంకోటి 9. సెషన్ సక్సీడెడ్ అంటుంది, 14 రికార్డులూ లోడ్ అవుతాయి, పేర్ల కాలమ్‌లో క్లర్క్, మేనేజర్ అనీ, ఉద్యోగం కాలమ్‌లో స్మిత్, అలెన్ అనీ ఉంటుంది. ఓవర్‌రైడ్ ఉన్న సోర్స్ క్వాలిఫైయర్‌కి కొత్త లింక్ ఒకటి ఇచ్చినా, ఉన్నది తీసేసినా క్వెరీ తెరిచి వరస చూసుకోవడం అలవాటు చేసుకోండి. క్వెరీ విండోలో వాలిడేట్ నొక్కినా ఈ తప్పు దొరకదు, క్వెరీ సింటాక్స్ సరిగ్గానే ఉంటుంది మరి.

ఇదే జబ్బు ఆటోలింక్ (లింక్‌లని డిజైనరే గీసే సదుపాయం) బై పొజిషన్‌లోనూ ఉంది. లేఅవుట్ మెనూలో ఆటోలింక్ బై నేమ్, బై పొజిషన్ రెండూ ఉంటాయి. పేరుతో లింక్ చేస్తే పెద్ద, చిన్న అక్షరాల తేడా పట్టించుకోదు, ఒకే పేరున్న పోర్టులని కలుపుతుంది. పొజిషన్ అయితే మొదటి ఔట్‌పుట్‌ని మొదటి ఇన్‌పుట్‌కి, రెండోదాన్ని రెండోదానికి. ఒక పక్క మధ్యలో ఒక పోర్టు ఎక్కువుంటే అక్కడి నుంచి కింది లింక్‌లన్నీ ఒక మెట్టు జారతాయి. పొజిషన్‌ని కొత్తగా, ఖాళీగా ఉన్న టార్గెట్‌కి, కాలమ్ పేర్లు పూర్తిగా వేరైనప్పుడు మాత్రమే వాడండి, వాడాక ఒక్కో గీతా చూడండి. పేర్లలో ముందు ఐఎన్, వెనక ఔట్ లాంటివి తగిలించే అలవాటు మీ టీమ్‌లో ఉంటే, ఆటోలింక్ విండోలో మోర్ నొక్కి ప్రిఫిక్స్, సఫిక్స్ ఇవ్వండి. బై నేమ్ వాటిని పక్కన పెట్టి మిగతా పేరు చూస్తుంది.

రౌటర్ తర్వాత బై నేమ్ పని చేయట్లేదనే ఫిర్యాదుకి కారణం కూడా ఈ సఫిక్సే. రౌటర్ ఒక్కో ఔట్‌పుట్ గ్రూపుకి పోర్టుల పేర్ల వెనక ఒక నంబర్ తగిలిస్తుంది. ఈఎంపీనో1, ఈఎంపీనో3 అలా. టార్గెట్‌లో ఉత్త ఈఎంపీనో ఉంటుంది. సఫిక్స్‌లో ఆ గ్రూప్ నంబర్ ఇస్తే కలుస్తాయి. రౌటర్‌లో ఇంకో మాట: ఒక రికార్డు రెండు గ్రూపుల కండిషన్లకీ సరిపోతే రెండిట్లోకీ వెళ్తుంది, మొదటిదాంట్లో ఆగదు. ఏ కండిషన్‌కీ సరిపోనివి డిఫాల్ట్ గ్రూపుకి వెళ్తాయి, దానికి లింక్ ఇవ్వకపోతే అక్కడే పోతాయి. రెండు గ్రూపులని ఒకే టార్గెట్ బాక్సుకి కలపలేం. అదే టార్గెట్‌ని మ్యాపింగ్‌లోకి రెండోసారి లాగి ఒక్కో గ్రూపుకీ ఒకటి ఇవ్వండి, లేదా మధ్యలో యూనియన్ పెట్టండి. యూనియన్ డూప్లికేట్లని తీసేయదు, ఎస్‌క్యూఎల్‌లో యూనియన్ ఆల్ ఎలాగో అలాగే.

సీక్వెన్స్ జనరేటర్‌ని ఎక్కడికైనా కలపొచ్చన్నాను కదా, అందులో ఒక జాగ్రత్త. దాని నంబర్ బయటికొచ్చే నెక్స్ట్‌వాల్ పోర్టుని రెండు టార్గెట్లకి విడివిడిగా లింక్ ఇస్తే ఒకే ఉద్యోగికి రెండు చోట్లా వేర్వేరు నంబర్లు వస్తాయి. పేరెంట్ టేబుల్‌లోనూ చైల్డ్ టేబుల్‌లోనూ ఒకే కీ కావాలంటే, నెక్స్ట్‌వాల్‌ని ముందు ఒక ఎక్స్‌ప్రెషన్‌లోకి తెచ్చి, అక్కడి నుంచి రెండు టార్గెట్లకీ ఇవ్వండి. జాయినర్‌కి ముందు నేరుగా సీక్వెన్స్ జనరేటర్ పెట్టనివ్వదు. జాయినర్‌లోకి వచ్చే ఏ పాయలోనూ అప్‌డేట్ స్ట్రాటజీ కూడా ఉండకూడదు. అప్‌డేట్ స్ట్రాటజీని టార్గెట్‌కి వీలైనంత దగ్గరగా, చివర్లో పెట్టడమే సరైన పద్ధతి. దాన్ని పెట్టాక సెషన్‌లో ట్రీట్ సోర్స్ రోస్ యాజ్ దగ్గర డేటా డ్రివెన్ ఉందో లేదో చూడండి. అక్కడ ఇన్సర్ట్ అని ఉంటే మ్యాపింగ్‌లో మీరు పెట్టిన అప్‌డేట్ ఫ్లాగ్‌లు లెక్కలోకి రావు. టార్గెట్ డెఫినిషన్‌లో ప్రైమరీ కీ లేకపోతే ఏ రికార్డుని అప్‌డేట్ చేయాలో దానికి తెలియదు.

డేటా టైపుల సంగతి. టెక్స్ట్ పోర్టుని డేట్ పోర్టుకి లాగితే డిజైనర్ అభ్యంతరం చెప్పదు, లింక్ పడుతుంది. రన్ అయ్యేటప్పుడు సెషన్ డిఫాల్ట్ డేట్ ఫార్మాట్‌తో మార్చడానికి ప్రయత్నిస్తుంది, ఆ ఫార్మాట్‌లో ముందు నెల, తర్వాత రోజు. మన ఫైళ్లలో 05/08/2024 అంటే ఆగస్టు 5, అది మే 8గా లోడ్ అవుతుంది. 25/08/2024 వచ్చినప్పుడు మాత్రం 25వ నెల లేదు కాబట్టి రికార్డు ఎర్రర్ అవుతుంది. అంటే ప్రతి నెలలో మొదటి 12 రోజుల డేటా తప్పుగా లోపలికెళ్తుంది, మిగతాది బయట ఉంటుంది. లింక్ పడింది కదా అని వదలకుండా మధ్యలో ఎక్స్‌ప్రెషన్ పెట్టి, టు డేట్ ఫంక్షన్‌లో రోజు, నెల, సంవత్సరం వరస మీరే రాయండి. నిమిషాలకి ఎంఐ, నెలకి ఎంఎం. రెండిటికీ ఎంఎం రాసే పొరపాటు చాలా చూస్తుంటాం. డెసిమల్ పోర్టుల్లో 15 అంకెలు దాటే విలువలుంటే సెషన్‌లో ఎనేబుల్ హై ప్రెసిషన్ టిక్ ఉండాలి, లేకపోతే అవి డబుల్‌గా మారి చివరి అంకెలు చెదురుతాయి. ఆధార్ నంబర్ 12 అంకెలే కాబట్టి చెదరదు, 16 అంకెల కార్డు నంబర్‌కి ఆ భరోసా లేదు. అసలు లెక్కలు చేయని నంబర్లని టెక్స్ట్‌గా ఉంచడమే మంచిది.

మొదట్లో ఉన్న కాలమ్ సైజు మారితే ఒక్కో బాక్సూ తెరిచి మార్చకండి. ఆ పోర్టు ఎంచుకుని లేఅవుట్ మెనూలో ప్రాపగేట్ అట్రిబ్యూట్స్‌కి వెళ్లి, ఫార్వర్డ్ దిశ, ప్రెసిషన్, స్కేల్ ఎంచుకుంటే లింక్ వెంట కింది బాక్సులన్నిటికీ వెళ్తుంది. ముందు ప్రివ్యూ నొక్కితే ఏ లింక్‌ల మీదుగా మారబోతోందో రంగులో చూపిస్తుంది. ఇది చేయకుండా సోర్స్‌లో 10 ఉన్నదాన్ని 50 చేసి వదిలేస్తే మధ్యలో ఏదో ఒక ఎక్స్‌ప్రెషన్ దగ్గర 10వ అక్షరం తర్వాత పేరు తెగిపోతుంది.

లింక్‌లన్నీ అయ్యాక మ్యాపింగ్స్ మెనూలో వాలిడేట్ నొక్కి, రిపాజిటరీలో సేవ్ చేయండి. వర్క్‌ఫ్లో మేనేజర్‌లో ఆ సెషన్ ముందే ఉంటే దాన్ని రిఫ్రెష్ చేసి మళ్లీ వాలిడేట్ చేయాలి. కొత్త టార్గెట్ బాక్సు చేరితే దానికి కనెక్షన్ కూడా ఇవ్వాలి. మొదటి రన్‌కి సెషన్ ప్రాపర్టీస్‌లో టెస్ట్ లోడ్ ఎనేబుల్ చేసి కొన్ని రికార్డులే పంపొచ్చు. ఏ బాక్సు దగ్గర రికార్డులు తగ్గుతున్నాయో తెలియకపోతే డిజైనర్ డీబగ్గర్ నడిపి, జాయినర్‌ని ఎంచుకుని ఒక్కో రికార్డునూ చూడండి. సెషన్ లాగ్‌లో చూడాలంటే అనుమానమున్న ఆ ఒక్క బాక్సుకే ట్రేసింగ్ లెవెల్ వెర్బోస్ డేటా పెట్టండి. మొత్తం సెషన్‌కి పెడితే ప్రతి బాక్సులో ప్రతి రికార్డూ లాగ్‌లోకి రాస్తుంది, లక్షల రికార్డుల మీద సర్వర్ డిస్క్ నిండిపోతుంది. పని అయ్యాక నార్మల్‌కి తిరిగి మార్చడం మర్చిపోవద్దు. టార్గెట్ తిప్పికొట్టిన రికార్డులు బ్యాడ్ ఫైల్‌లో ఉంటాయి. ప్రతి కాలమ్ పక్కన ఒక అక్షరం ఉంటుంది: డీ అంటే సరైన విలువ, ఎన్ అంటే నల్, ఓ అంటే నంబర్ పట్టలేదు, టీ అంటే టెక్స్ట్ తెగింది. ఏ లింక్ దగ్గర సైజు సరిపోలేదో దాంతోనే దొరుకుతుంది.

ఇన్ఫర్మేటికా క్లౌడ్ సాఫ్ట్‌వేర్ అయిన క్లౌడ్ డేటా ఇంటిగ్రేషన్‌కి మారిన వాళ్లకి ఒక మాట. అక్కడ మ్యాపింగ్ డిజైనర్‌లో గీత బాక్సు నుంచి బాక్సుకి ఒక్కటే, పోర్టు పోర్టుకీ గీయక్కర్లేదు. ఏ ఫీల్డులు లోపలికి రావాలో ఇన్‌కమింగ్ ఫీల్డ్స్‌లో రూల్స్‌తో చెప్తాం, టార్గెట్‌లో ఫీల్డ్ మ్యాపింగ్ విడిగా చేస్తాం. రెండు పక్కల నుంచి ఒకే పేరున్న ఫీల్డు వస్తే కాన్‌ఫ్లిక్ట్ చూపిస్తుంది, ఒక పక్క ఫీల్డులకి బల్క్‌గా ప్రిఫిక్స్ తగిలించి విడదీయాలి. మీ ఈ మ్యాపింగ్‌లో అయితే డెప్ట్‌నో దగ్గరే అది వస్తుంది, మాస్టర్ పక్కకి ప్రిఫిక్స్ పెట్టండి, డీటెయిల్ పక్క పేర్లు టార్గెట్‌తో కలిసేలా అలాగే ఉంచండి.